శుక్రవారం సొత్తు, సోమవారం సొత్తు

లక్షద్వీప్‌లో ఒక కొబ్బరి తోట ఎవరిదో తెలుసుకోవాలంటే యజమాని పేరు ఒక్కటే చాలదు, వారం కూడా తెలియాలి. వెల్లియాళ్చ సొత్తు అంటే శుక్రవారం ఆస్తి. తింకళాళ్చ సొత్తు అంటే సోమవారం ఆస్తి. శుక్రవారం ఆస్తి తరవాడుది, అంటే ఒక తల్లి కడుపున పుట్టిన సంతతి మొత్తానికి చెందిన ఉమ్మడి ఇంటిది. కూతుళ్ల పిల్లలకు అది కొనసాగుతుంది. కొడుకు బతికున్నంత కాలం దాని ఫలం తింటాడు కానీ అతని పిల్లలకు అందులో వాటా ఉండదు, ఎందుకంటే వాళ్లకు వాళ్ల అమ్మ తరవాడు ఉంది. సోమవారం ఆస్తి ఒక మనిషి సొంతంగా సంపాదించుకున్నది. దాన్ని అమ్ముకోవచ్చు, రాసివ్వచ్చు. యజమాని పోయాక షరియత్ ప్రకారం పంచుకుంటారు. దాదాపు అందరూ ముస్లింలైన సమాజంలో, తల్లి వైపు నడిచే ఆస్తి ఒకటి, మత ధర్మం ప్రకారం నడిచే ఆస్తి ఒకటి, రెండూ ఒకే పెరట్లో పక్కపక్కన ఉన్నాయి.

ద్వీపాల సంస్కృతి గురించి రాసేవాళ్లు సాధారణంగా పాటతోనో పడవతోనో మొదలుపెడతారు. నేను భూమి కట్టుబాటుతో మొదలుపెట్టాను, కారణం ఉంది. లక్షద్వీప్ నేలంతా కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో మనుషులు 64,473. ఇంత కొద్ది నేల మీద ఎవరు ఉండవచ్చు, ఎవరు అమ్మవచ్చు, ఊరు విడిచిన వాడికి తిరిగొచ్చే హక్కు ఉందా లేదా అన్న మూడు ప్రశ్నలకు జవాబు గట్టిగా ఉన్నంత కాలం భాష, వంట, పండగ తమంతట తాము నిలబడతాయి. ఆ జవాబు వదులైతే ఎన్ని ఉత్సవాలు జరిపినా ఊరు చేజారుతుంది.

శుక్రవారం ఆస్తిని ఎవరూ ఒంటరిగా అమ్మలేరు, తరవాడు సభ్యులందరి ఒప్పుకోలు కావాలి. దాని బలం ఇదే. తగాదా వచ్చేది రెండు వారాలూ కలిసిపోయిన చోట. ఓడల్లో పనిచేసి తెచ్చిన సోమవారం డబ్బుతో శుక్రవారం నేల మీద ఇల్లు కడితే, గోడలు ఒకరివి, పునాది కింద మన్ను అందరిదీ. కట్టేటప్పుడు కాగితం రాసుకోకపోతే ఆ చిక్కు మనవళ్ల కాలంలో కోర్టుకు చేరుతుంది. అందుకే ఇల్లు మొదలుపెట్టే ముందే నేల ఏ వారానిది, కట్టడం ఏ వారానిది అని తరవాడు పెద్దల ముందు రాయించుకోవడం మంచిది.

ద్వీపవాసి అంటే ఎవరన్న నిర్వచనం కూడా ఇలాంటిదే. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు ప్రకారం తానూ, తల్లిదండ్రులిద్దరూ ఆ ద్వీపాల్లో పుట్టి ఉంటేనే లక్షద్వీప్ వాసికి ఆ హోదా. వినడానికి పకడ్బందీగా ఉంది. కానీ కాన్పు కష్టమైతే గర్భిణిని కేరళ తీరానికి తరలిస్తారు, బిడ్డ అక్కడి ఆస్పత్రిలో పుడుతుంది. అక్షరం పట్టుకుంటే ఆ బిడ్డ ద్వీపవాసి కాదు. 2008లో పార్లమెంటు దీన్ని సరిచేసింది: ప్రధాన భూభాగంలో పుట్టినా, ద్వీపంలో శాశ్వతంగా స్థిరపడితే ద్వీపంలో పుట్టినట్టే లెక్క. పుట్టుకను కొలబద్దగా పెట్టుకునే ఏ ద్వీపమైనా ముందు తన ఆస్పత్రి ఎక్కడుందో చూసుకోవాలి.

అమ్మకం ఆపితే చాలదు. దక్షిణ పసిఫిక్‌లోని కుక్ దీవుల్లో నేల అమ్మడం నిషిద్ధం, 60 ఏళ్లకు మించి కౌలుకివ్వడమూ కుదరదు. బయటి డబ్బు నేలను మింగేయకుండా ఇది కాపాడింది. కానీ వారసత్వం సంతానమందరికీ వస్తుంది. ద్వీపాల్లో ఉన్నవాళ్లు సుమారు 15,000 మంది, న్యూజిలాండ్‌లో ఉన్న కుక్ దీవుల వాళ్లు 80,000కు పైనే. మూడు నాలుగు తరాలు గడిచేసరికి ఒక చిన్న నేల చెక్కకు వందల మంది హక్కుదారులు, వాళ్లలో ఎక్కువ మంది ఆక్లాండ్‌లో. ఇల్లు కట్టుకోవాలన్న మనవరాలికి ఎవరి సంతకాలు దొరుకుతాయి? అక్కడి భూమి కోర్టు దీనికి వాడే సాధనం నివాస హక్కు. హక్కుదారుల సమావేశం పెట్టి, సమ్మతి తీసుకుని, ఫలానా కొలతల చెక్కలో ఫలానా వారసురాలు ఇల్లు కట్టుకుని ఉండవచ్చని కోర్టు రాసిస్తుంది. నేల ఉమ్మడిదే, అనుభవం ఆమెది. పాడయ్యేది ఎక్కడంటే, పలుకుబడి ఉన్న శాఖవాళ్లు రోడ్డు పక్క, తీరం పక్క మంచి చెక్కలన్నీ ముందే నివాస హక్కుగా రాయించుకున్నప్పుడు. మిగతావాళ్లకు వంశవృక్షంలో పేరు మిగులుతుంది, నేల మిగలదు.

ఫిజీలో అమ్మకం కుదరని నేల దేశంలో 87 శాతం దాకా ఉంది. అది మతంగలి అనే వంశ సమూహాలది. కౌలు వ్యవహారం 1940లో ఏర్పడిన ఒక ట్రస్టు బోర్డు చూస్తుంది. చాలాకాలం కౌలు డబ్బులో 30 శాతం మూడు అంచెల వంశ పెద్దలకు పోయేది, మిగిలిన 70 శాతం సభ్యులకు. 2011 నుంచి అందరికీ సమాన పంపకం. పెద్దరికానికి గౌరవం తగ్గిందని బాధపడ్డవాళ్లున్నారు, మొదటిసారి చేతికి డబ్బు వచ్చిందని సంతోషించిన ఆడవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు సమాన పంపకమే సరైనది. కాకపోతే ఊరి సభామందిరం పైకప్పు బాగుచేయించే ఖర్చు ఇంతకుముందు వంశ పెద్దల జేబులోంచి వచ్చేది, ఇప్పుడు దానికి వేరే పద్దు పెట్టుకోవాలి. పెట్టుకోని ఊళ్లలో కప్పు కారుతుంది.

ఇక నేల తమదేనని రుజువు చేయాల్సి వచ్చినప్పుడు ఏం పనికొస్తుందో చెప్పడానికి ఆస్ట్రేలియా ఉత్తరాన టోరెస్ జలసంధిలోని మేర్ ద్వీపాన్ని మించిన పాఠం లేదు. అక్కడ తోటల హద్దులు రాళ్లతో, నాటిన చెట్లతో, గట్లతో గుర్తుపెట్టుకుంటారు. మాలో అనే దైవం చెప్పిన ధర్మం ఒకటుంది: మాలో టాగ్ మౌకి మౌకి, టేటేర్ మౌకి మౌకి. మాలో తన చేతులు తన దగ్గరే ఉంచుకుంటాడు, తనది కానిదాన్ని ముట్టడు, ఒకరి నేలలో కాలు పెట్టడు. ఎడ్డీ కోయికి మాబో అక్కడ పుట్టాడు. టౌన్స్‌విల్‌లోని విశ్వవిద్యాలయంలో తోటమాలిగా పనిచేస్తున్నప్పుడు, చట్టం దృష్టిలో తన నేల ఆస్ట్రేలియా రాజ్యానిదని అక్కడి చరిత్రకారుల నుంచి తెలుసుకున్నాడు. 1982 మేలో మరో నలుగురితో కలిసి దావా వేశాడు. 1985లో క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం వాళ్ల హక్కే లేకుండా చేసే చట్టం తెచ్చింది, 1988లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు దాన్ని కొట్టేసింది. 1992 జూన్ 3న అసలు తీర్పు వచ్చింది, ఆరుగురు న్యాయమూర్తులు ఒక వైపు, ఒకరు మరో వైపు. నేల ఎవరిదీ కాదన్న పాత సూత్రం కూలింది. మాబో అప్పటికి నాలుగు నెలల కిందటే, జనవరిలో చనిపోయాడు.

ఆ గెలుపు అందరికీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది అంతకుముందు జరిగిన పని. వాస్తవాల విచారణ కోసం జడ్జి 1989లో మేర్‌కు వెళ్లి కూర్చున్నాడు. ఏ రాయి ఎవరి హద్దో, ఏ చెట్టు ఏ తాత నాటాడో వరసగా చెప్పించారు. ద్వీపంలోనే ఒక చిన్న కోర్టు దశాబ్దాలుగా హద్దు తగాదాలు తీర్చి పుస్తకాల్లో రాసి ఉంచింది, అవి సాక్ష్యంగా పనికొచ్చాయి. మా నేల అని నోటితో చెప్పడానికీ, ఫలానా ఏడాది ఫలానా హద్దు మీద తగాదా వస్తే మా పెద్దలే తీర్చారని పుస్తకం చూపడానికీ ఎంతో తేడా. అందుకని ఏ ద్వీపంలోనైనా ఈ పని మొదలుపెట్టేవాళ్లు పెద్దలను గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకూడదు. హద్దు వెంట నడిపించాలి. ఇద్దరు పొరుగు కుటుంబాలవాళ్లనూ ఒకేసారి తీసుకెళ్లాలి, ఒకరు చెప్పింది ఇంకొకరు అక్కడికక్కడే ఒప్పుకోవాలి లేదా కాదనాలి. కాదన్నది కూడా రాయాలి. గుర్తు రాయి ఫోటో, జీపీఎస్ స్థానం, ఆ చోటి పేరు, ఆ పేరు వెనక కథ, చెప్పినవారి పేరు, తేదీ ఉండాలి. చెట్టును ఒక్కదాన్నే గుర్తుగా నమ్మితే తుఫాను తర్వాత హద్దు మిగలదు.

మాబో విషయంలోనే ఒక దెబ్బ తగిలింది. ఆయన్ను మేనమామ పెంచుకున్నాడు. ఆ పెంపకం ద్వారా వచ్చిన నేల ఆయనదని జడ్జి నమ్మలేదు, ఆయన సొంత క్లెయిమ్‌లు నిలబడలేదు. టోరెస్ జలసంధిలో బిడ్డను బంధువులకు పెంపకానికివ్వడం మామూలు, కానీ దానికి కాగితం ఉండదు. క్వీన్స్‌లాండ్ ఆ ఆచారాన్ని చట్టంగా గుర్తించింది 2020లో. పెంపకం రాతలో లేని సమాజాల్లో భూమి రికార్డు తయారుచేసేటప్పుడు ముందు పెంపకాల జాబితా రాసుకోవాలి, ఆ తర్వాతే హద్దులు.

నేల ఎప్పుడో చేజారిన ద్వీపాల సంగతి వేరు. స్కాట్లండ్ పడమటి తీరంలో ద్వీపానికి ద్వీపమే ఒక ప్రైవేటు ఆసామీ సొత్తుగా ఉండడం పరిపాటి. ఎయిగ్ అలాంటిదే, 31 చదరపు కిలోమీటర్లు. 1990లలో అక్కడ 65 మంది దాకా ఉండేవాళ్లు, చాలామందికి గట్టి కౌలు పత్రం లేదు. పత్రం లేని ఇంటికి ఎవరూ కప్పు మార్చరు, గోడ కట్టరు. ద్వీపం నెమ్మదిగా శిథిలమవుతుంది, అది చూపించి ఈ జనానికి చేతకాదంటారు. 1997 జూన్ 12న ఆ ద్వీపం 15 లక్షల పౌండ్లకు ఒక ట్రస్టు చేతికి వచ్చింది. అందులో నివాసుల సంఘం, హైలాండ్ కౌన్సిల్, వన్యప్రాణి ట్రస్టు భాగస్వాములు. డబ్బులో పెద్ద భాగం పేరు చెప్పని ఒక దాత ఇచ్చింది, మిగతాది వేలమంది చిన్న విరాళాలు.

తర్వాత 2003లో స్కాట్లండ్ భూ సంస్కరణ చట్టం ఇలా ఊళ్లే నేల కొనుక్కోవడానికి దారి వేసింది. మెట్లు ఇవి. ముందు ఊరివాళ్లు ఒక కంపెనీనో అలాంటి నమోదైన సంస్థనో పెట్టుకోవాలి. మొదట్లో కనీసం 20 మంది సభ్యులు కావాలనేవారు, 2015 చట్టంతో అది పదికి తగ్గింది. సభ్యుల్లో ఎక్కువమంది స్థానికులై ఉండాలి. ఊరి ఓటర్లలో కనీసం పది శాతం మంది సంతకాలతో, ఫలానా నేల మీద మాకు ఆసక్తి ఉందని నమోదు చేయించాలి. నమోదయ్యాక ఆ నేలను యజమాని అమ్మదలచుకుంటే ముందు ఊరినే అడగాలి. ధర మంత్రులు నియమించిన స్వతంత్ర మదింపుదారు కడతాడు. ఊరు ఓటింగ్ పెట్టుకోవాలి, డబ్బు గడువులోగా సమకూర్చాలి. నమోదు ఐదేళ్లే చెల్లుతుంది, మళ్లీ చేయించకపోతే హక్కు పోతుంది. ఎక్కువ ఊళ్లు జారిపడేది ఈ మెట్టు దగ్గరే: యజమాని అమ్మకానికి పెట్టాడన్న వార్త విన్నాక పరుగెత్తుతారు. ఎవరూ అమ్మని ప్రశాంతమైన ఏడాదిలోనే నమోదు చేయించాలి.

కొనడం తేలిక భాగం అని స్కాట్లండ్‌లోనే గీఘా ద్వీపం చూపించింది. 2002లో 40 లక్షల పౌండ్లకు కొన్నారు, అందులో పది లక్షలు తీర్చాల్సిన అప్పు. ఆసామీ ఉండిన భవంతిని అమ్మి, విరాళాలు పోగుచేసి తీర్చారు. అప్పుడు అసలు లెక్క ముందుకొచ్చింది: ద్వీపంలోని ఇళ్లలో ఎక్కువ భాగం నివాస ప్రమాణాలకు తక్కువగా ఉన్నాయి. ఒక్కో ఇల్లు బాగుచేయడానికి అప్పు, ఆ అప్పు తీర్చడానికి అద్దె, అద్దె పెంచితే కుర్రకుటుంబాలు రావు. ఈ ముడి విప్పడానికి వాళ్లు పెట్టినవి పాత గాలిమరలు మూడు, ఒక్కోటి 225 కిలోవాట్లు, వేరేచోట వాడి తీసేసినవి తక్కువ ధరకు కొన్నారు. వాటికి గేలిక్ భాషలో విశ్వాసం, ఆశ, దానగుణం అని అర్థమొచ్చే పేర్లు పెట్టారు. కరెంటు గ్రిడ్‌కు అమ్మి వచ్చిన డబ్బు ఇళ్లకు పెట్టారు. ద్వీపం కొనే బడ్జెట్ రాసేటప్పుడు కొనుగోలు ధర పక్కనే కప్పులు, మురుగు, రేవు మరమ్మతు వరుసలు లేకపోతే ఆ బడ్జెట్ చించి మళ్లీ రాయాలి.

ఎయిగ్‌లో కరెంటు కథ మరీ ముచ్చటైనది. ఒక్కో ఇల్లు సొంత డీజిల్ జనరేటర్ మీద బతికేది. 2008 ఫిబ్రవరి 1న ద్వీపం సొంత గ్రిడ్ వెలిగింది: వాగుల మీద మూడు చిన్న జల టర్బైన్లు, నాలుగు గాలిమరలు, సౌర పలకలు, బ్యాటరీల గది, 11 కిలోమీటర్ల భూగర్భ కేబుల్. మూడు రకాలు ఎందుకంటే, వేసవి మొదట్లో వానలు తగ్గి వాగులు సన్నబడతాయి, సరిగ్గా అప్పుడే పగళ్లు పొడవుగా ఉంటాయి. చలికాలంలో వానా గాలీ దండి. ఒక్కటే నమ్ముకుంటే ఏడాదిలో కొన్ని వారాలు చీకటే. ఇంటికి 5 కిలోవాట్లు, వ్యాపారానికి 10, ఒకేసారి అంతకు మించి వాడితే కరెంటు పోతుంది, మనిషొచ్చి మళ్లీ వేసేదాకా ఆగాలి. కెటిల్, వాషింగ్ మెషీన్, ఓవెన్ ఒకేసారి పెట్టకూడదని పిల్లలకు కూడా తెలుసు. డబ్బున్న ఇంటికీ లేని ఇంటికీ ఒకే పరిమితి. ఎక్కువ పుట్టిన రోజున మిగులు కరెంటుతో ఊరి హాలునూ చర్చినీ వెచ్చబెడతారు. ఉమ్మడి నేలకు తగ్గ ఉమ్మడి తీగ ఇది, నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు.

పసిఫిక్ పగడపు దీవుల్లో నేల హక్కు కాగితంలో కన్నా ఎక్కువగా ఒక గుంటలో ఉంటుంది. కిరిబాటిలో బాబాయి అనే రాక్షస బురద చేమ పండిస్తారు. ఆ దీవులు ఇసుక, పగడపు ముక్కలు, వాగూ చెరువూ లేవు. వాన నీరు ఇసుకలోకి దిగి, ఉప్పునీటి మీద తేలుతూ కటకం ఆకారంలో నిలుస్తుంది, ఎందుకంటే మంచినీరు తేలిక. సముద్ర మట్టం పైన ఒక అడుగు మంచినీరు ఉంటే కింద సుమారు 40 అడుగులు ఉంటుందని లెక్క. ఆ లెక్కే ప్రమాదం కూడా చెబుతుంది: పంపుతో పైన ఒక అడుగు తోడితే కింద ఉప్పు 40 అడుగులు పైకి వస్తుంది. అందుకే లోతు బోరు వేయకూడదు, వెడల్పుగా పైపైనే తీసుకోవాలి.

గుంట ఆ మంచినీటి మట్టం తగిలేదాకా తవ్వుతారు, మనిషి నిలువు లోతుకు పైనే. తవ్విన ఇసుక చుట్టూ గట్టుగా పోస్తారు. మొక్క నాటి, దాని చుట్టూ మొగలి జాతి పాండనస్ ఆకులతోనో కొబ్బరాకులతోనో అడుగు లేని బుట్ట అల్లుతారు. బుట్టలోకి ఎండిన ఆకులు, నల్ల మన్ను పొరలు పొరలుగా. అవి కుళ్లి దుంపకు తిండవుతాయి, దుంప పెరిగేకొద్దీ బుట్ట పెద్దది చేస్తారు. ఏ ఆకు ఎంత, ఏ వరసలో, ఎన్ని రోజులకోసారి అన్నది ఒక్కో కుటుంబపు రహస్యం, తండ్రి కొడుకుకు చెబుతాడు, పొరుగువాడికి చెప్పడు. పొట్టి రకం కటుటు, త్వరగా వస్తుంది, రోజువారీ తిండికి. పెద్ద రకం ఇకరావోయి, ఏళ్ల తరబడి పెంచి విందుకు తెస్తారు. ఇలాంటి గుంట ఏళ్ల చాకిరీతో తయారవుతుంది, అందుకే అది వారసత్వంగా వస్తుంది, కట్నంగా వెళుతుంది, తగాదాకు మూలమూ అవుతుంది.

గుంట చెడే తీరులు నాలుగైదు. కరవులో కటకం పలచబడి అడుగు నుంచి ఉప్పు ఊరుతుంది: ముందు ఆకు అంచు పసుపై ఎండుతుంది, తర్వాత దుంప కుళ్లుతుంది. పెద్ద అల తీరం దాటి పడితే ఉప్పు పైనుంచి దిగుతుంది, గుంట పల్లం కాబట్టి నీరంతా అక్కడికే చేరుతుంది. కుక్ దీవుల ఉత్తరాన పుకాపుకాలో 2005 పెర్సీ తుఫాను తర్వాత మంచినీటి కటకం తాగడానికి పనికొచ్చే స్థితికి రావడానికి 11 నెలలు పట్టింది. కిరిబాటిలోని తరావాలో పపువానా అనే పేడపురుగు జాతి పెంకుపురుగు బయటి నుంచి చేరి దుంపలను తొలిచేసింది. చివరిది, అందరూ చిన్నదనుకునేది: బియ్యం బస్తా ఓడలో వస్తుంటే ఆకు వేసే మనిషి ఉండడు. రెండేళ్లు ఆకు పడని గుంట బురదగుంటే. దాంతో పాటే ఆ కుటుంబపు ఆకు రహస్యం పోతుంది, అది ఏ పుస్తకంలోనూ లేదు.

కిరిబాటి ప్రభుత్వం 2014లో ఫిజీలోని వనువా లేవు ద్వీపంలో సుమారు 20 చదరపు కిలోమీటర్ల నేల కొంది. సముద్రం పెరిగి అవసరమైతే వెళ్లడానికన్నారు, తర్వాత వ్యవసాయానికన్నారు. తువాలు 2023లో తన రాజ్యాంగం మార్చి, సముద్రం నేలను ఏం చేసినా తమ రాజ్యం శాశ్వతమని రాసుకుంది. ఈ రెండు వార్తలూ చదివినప్పుడు నాకు గుర్తొచ్చేది బనాబా.

బనాబా ఆరు చదరపు కిలోమీటర్ల ఎత్తైన ద్వీపం, ఇప్పుడు కిరిబాటిలో భాగం. వాన తప్ప నీటి వనరు లేదు. కరవులో నేల కింద గుహల్లో ఊరే నీరే దిక్కు, బంగబంగ అంటారు, వాటిలోకి దిగే హక్కు ఆడవాళ్లకే. 1900లో అక్కడ ఫాస్ఫేట్ కనిపెట్టిన కంపెనీ ఏడాదికి 50 పౌండ్లకు 999 ఏళ్ల ఒప్పందం రాయించుకుంది. తవ్వకం 1979 దాకా సాగింది, నేల పైభాగంలో దాదాపు 90 శాతం పోయింది, సున్నపురాయి మొనలు మిగిలాయి. 1913 ఒప్పందంలో తవ్విన నేలలో కొబ్బరి, ఇతర ఆహార వృక్షాలు మళ్లీ నాటిస్తామని ఉంది, సాధ్యమైన చోటల్లా అన్న మాటతో. ఆ మాట కంపెనీకి రక్ష అయ్యింది. 1970లలో లండన్ కోర్టులో విచారణ 200 రోజులు దాటింది, న్యాయమూర్తి ద్వీపానికి వెళ్లి చూశాడు, చివరకు ఆ హామీ తప్పినందుకు దక్కింది నామమాత్రపు పరిహారం. నేల మీద ఏ కంపెనీతో రాసుకున్నా ఎన్ని చెట్లు, ఎంత మందాన మన్ను, ఏ తేదీలోగా, చేయకపోతే ఎంత డబ్బు ముందే జమ అన్నవి అంకెల్లో ఉండాలి.

1942లో బనాబా వాళ్ల ఫాస్ఫేట్ డబ్బుతోనే ఫిజీలో రంబి అనే ద్వీపం కొన్నారు. యుద్ధం తర్వాత, 1945 డిసెంబర్ 15న, వాళ్లను 2,000 కిలోమీటర్లకు పైగా దూరం తెచ్చి అక్కడ దింపారు, తుఫానుల కాలంలో, గుడారాల్లోకి. ఆ జనం అక్కడ నాలుగు ఊళ్లు కట్టుకున్నారు: టబ్వేవా, ఉమా, టబియాంగ్, బువాకోనికాయి. బనాబాలో వాళ్లు వదిలొచ్చిన నాలుగు ఊళ్ల పేర్లవే. ఏటా డిసెంబర్ 15న రంబిలో ఆ రాకను తలచుకుంటారు. పాత ద్వీపం మీద హక్కు వదల్లేదు: కిరిబాటి రాజ్యాంగంలో బనాబన్ల కోసం ప్రత్యేక అధ్యాయం ఉంది, ఫిజీలో పుట్టిన బనాబన్‌కు కూడా బనాబాకు వెళ్లి ఉండే హక్కు, అక్కడి నేల మీద హక్కు, పార్లమెంటులో రంబి సమాజానికి ఒక సీటు. కదలాల్సి వచ్చిన ఏ ద్వీపమైనా సామాను కట్టకముందు రాయించుకోవాల్సిన కాగితం ఇది. పోయాక పాత నేల ఎవరిదన్న ప్రశ్నకు జవాబు లేకుండా పడవ ఎక్కకూడదు.

భాష గురించి క్లుప్తంగానే చెబుతాను, దాని మీద చాలామంది రాశారు. హవాయిలో 1896 చట్టం బడుల్లో ఇంగ్లీషునే బోధనా భాష చేసింది. 1983 నాటికి 18 ఏళ్లలోపు హవాయి భాష మాట్లాడేవాళ్లు 50 మంది కూడా లేరు. ఆ ఏడాదే పూనాన లేయో, అంటే భాషా గూడు, అన్న సంస్థ పెట్టారు. 1984లో కవాయి ద్వీపంలో మొదటి శిశుబడి తెరిచారు. రోజంతా ఒకే భాష. పాఠ్యపుస్తకాలు లేక ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల మీద హవాయి వాక్యాలు కత్తిరించి అంటించారు. దాన్ని నిలబెట్టింది తల్లిదండ్రుల షరతు: వాళ్లూ భాష నేర్చుకోవాలి, బడిలో నెలకు కొన్ని గంటలు పనిచేయాలి. ఇంటికెళ్లగానే ఇంగ్లీషులోకి మారే పిల్లకు బడి ఒక్కటే భాష ఇవ్వలేదు.

పనామా తీరాన గూనా ప్రజల గార్డి సుగ్‌దుబ్ ఈ విషయాలన్నీ ఒకేచోట చూపిస్తుంది. గూనాలు 1925 ఫిబ్రవరిలో తిరుగుబాటు చేసి తమ ప్రాంతం మీద అధికారం సంపాదించుకున్నారు, 1938లో అది ప్రత్యేక ప్రాంతమైంది, 1953 చట్టం దాన్ని గట్టిపరిచింది. బయటివాళ్లు అక్కడ నేల కొనలేరు. గార్డి సుగ్‌దుబ్ మాత్రం వెయ్యి మందికి పైగా కిక్కిరిసిన చిన్న ద్వీపం. చోటు కోసం తరాలుగా పగడాలు తవ్వి తీరాన్ని పూడ్చి పెంచారు. ఆ పగడపు గట్టే అలలను విరిచేది, అది తగ్గాక నీరు ఇళ్లలోకి రావడం పెరిగింది. తీరం మీదకు మారాలని 2010లో ఊరే నిర్ణయించుకుంది. ఇళ్ల తాళాలు చేతికొచ్చింది 2024 జూన్‌లో. సుమారు 300 కుటుంబాలు, 300 కాంక్రీటు ఇళ్లు, పేరు ఇస్బెర్‌యాలా. మధ్యలో 14 ఏళ్లు.

నిర్ణయం ఊరిదే, వెళ్లిన నేల కూడా గూనా ప్రాంతంలోనిదే, కాబట్టి బనాబాలో జరిగినది ఇక్కడ జరగలేదు. తేడాలు చిన్నచిన్న చోట్ల ఉన్నాయి. ఇళ్లన్నీ ఒకే కొలత, వరస వీధులు. గూనా ఇంట్లో కుటుంబం మూడు తరాలు కలిసి ఉంటుంది, కొత్త ఇల్లు అంతమందికి సరిపోదు. చేపలకెళ్లే మగవాళ్ల పడవ ఇప్పుడు గుమ్మం ముందు లేదు. కొన్ని కుటుంబాలు ద్వీపంలోనే ఉండిపోయాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఊయల. గూనా వాళ్లు ఊయలలో పడుకుంటారు, దానికి బరువు మోసే కర్ర గుంజలు కావాలి. ఊరి సభ జరిగే ఓన్మకెడ్ నెగాలో సాయిలా, అంటే ఊరి పెద్ద, మధ్యలో కట్టిన ఊయలలో పడుకుని చరిత్రను పాటగా పాడతాడు. ఆ పాట భాష పిల్లలకు నేరుగా అర్థం కాదు, పక్కన అర్గర్ అనే వ్యాఖ్యాత లేచి మామూలు మాటల్లో విడమరుస్తాడు. నేల కట్టుబాట్లు, ఎవరు ఎక్కడ కొబ్బరి ఏరవచ్చు, తగువులు, తీర్పులు అన్నీ ఆ కప్పు కింద. కొత్త ఊళ్లో ఇళ్లు కాంక్రీటువైనా, సభా గృహాన్ని మాత్రం కర్ర గుంజలతో, ఆకు కప్పుతో కట్టుకున్నారు.